రెండో డిస్కు

తొండియార్‌పేట, చెన్నై
6 జనవరి 2025

అక్కకు,

ముగ్గురు రాజుల పండుగ శుభాకాంక్షలు. మీ మఠం గోడ దాటి రాజులైనా లోపలికి రాలేరు కదా. ఒంటెల్ని బయట కట్టేసి, బాలయేసుకు తెచ్చిన సాంబ్రాణి గేటు దగ్గరే ఇచ్చి వెళ్ళిపోయి ఉంటారు.

క్రిస్మస్‌కి ముందు నెలంతా మీరు ఉత్తరాలు విప్పరు కాబట్టి, అమ్మకు పక్షవాతం వచ్చిందని మదర్‌కి ఫోన్ చేసి చెప్పడం తప్ప నీకు వివరంగా రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. కొంచెం తడబాటు అనుకునేవు, కాదు, మొత్తం పోయింది. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, బదులు మాత్రం రాదు. ఎడమచేత్తో జపమాల తిప్పుకుంటూ గోడవైపు చూస్తుంటుంది. పగలు చూసుకోవడానికి విజి అనే అమ్మాయిని పెట్టాను, నర్సు పని నేర్చుకున్న పిల్ల. నేను పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో వెల్డింగ్ పని ముగించుకుని సాయంత్రానికి ఇల్లు చేరతాను. అప్పటిదాకా విజి ఉంటుంది.

సాయంత్రాలు అమ్మకు ఫోన్లో ఏదో ఒక సినిమా పెడుతుంటాను. మొన్న వెతుకుతుంటే ఏం కనిపించిందో చెప్పు చూద్దాం. 'కత్తుల రేవు'! నాయన గొంతిచ్చిన సినిమా! నాయన హార్బరులో మూటలు మోస్తూ, ఆదివారాలు కోడంబాక్కం వెళ్ళి తమిళ సినిమాలకు తెలుగులో గుంపు అరుపులు అరిచేవాడని, ఆ ఒక్క సినిమాలో మాత్రం ఒక వేషానికి పూర్తిగా గొంతిచ్చాడని అమ్మ నాకు అన్నం పెడుతూ ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. నేను ఎగిరి గంతేశాను. తీరా వింటే అన్నీ టీవీ సీరియల్ గొంతులే. పాత శబ్దం పాడైపోయిందో ఏమో, కొత్తగా మళ్ళీ డబ్బింగ్ చేయించారట. రెండు పాటలు కూడా లేపేశారు.

అంటే నాయన గొంతు ఇక పాత వీసీడీ డిస్కులోనే ఉంటుంది. దాన్ని పట్టుకోవాలి అక్కా. నాయన పోయేనాటికి నాకు రెండేళ్ళు. మన ఇంట్లో ఆయన ఫోటో ఉంది, ఫోటో మాట్లాడదు కదా. అమ్మకు కూడా ఒక్కసారి వినిపిస్తే నోట మాట వస్తుందేమోనని ఆశ. ఆయనది ఏ వేషమో అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు చెప్పడానికి ఆమెకు మాట లేదు. నీకు తెలుసు. వెంటనే రాయి.

నీ తమ్ముడు,
జెబకుమార్


మఠం
19 జనవరి 2025

జెబా,

యేసు మరియ జోజప్పలు నిన్నూ అమ్మనూ కాపాడుదురు గాక.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు నా చేతుల్లో పని సాగలేదు. పూజలో అందరికీ పంచే అప్పాలు కాల్చడం ఈ నెల నా వంతు. ఒక పెనం నిండా మాడ్చేశాను. మదర్ మాడినవాటిని కోళ్ళకు వెయ్యమన్నారు. అమ్మ చేసిన దోసె మాడితే నువ్వు ఏడ్చే ఏడుపు గుర్తొచ్చింది.

అమ్మను ఒకే వైపు పడుకోబెట్టకు, పక్క మారుస్తూ ఉండు. వీపు మీద పుండు పడితే మానదు. గంజిలో కొంచెం ఉప్పు వెయ్యమను. మాటలు పోయినా మనసు పోలేదని నువ్వే రాశావు. అందుకని ఆమె ముందు ఆమె గురించి ఇతరులతో మాట్లాడకు.

ఆ సినిమా సంగతి వదిలెయ్ నాయనా. ఎప్పటిదో ప్లాస్టిక్ ముక్క కోసం ఊరంతా తిరిగే సమయం ఉంటే అమ్మ కాళ్ళకు నూనె రాయి. ఏ వేషమైతే ఏముంది ఇప్పుడు? పోయినవాళ్ళ కోసం ప్రార్థన చేస్తాం, అది చాలు.

ప్రేమతో,
సెలీనా అక్క


తొండియార్‌పేట
2 ఫిబ్రవరి 2025

అక్కా,

కోపంగానే రాస్తున్నాను, నీ మదర్ చదివినా సరే. సినిమా అంటే మీ మఠంలో పాపమేమో. నేనడిగింది సినిమా కాదు. నాయన గొంతు. నీకు పదమూడేళ్ళపాటు నాయన దొరికాడు. నాకు ఒక ఫోటో, ఏటా నవంబరులో సమాధి మీద ఒక కొవ్వొత్తి దొరికాయి. ఉన్నవాళ్ళు లేనివాళ్ళతో "ఏముంది ఇప్పుడు" అనడం చాలా సులువు.

అయినా నీ మనసు చల్లబడే కబురు చెబుతాను, విను. దొరకలేదు. బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజారంతా గాలించాను. ఒకప్పుడు అక్కడ అడుగు పెడితే చాలు, డిస్కులు చేతిలో కుక్కేవాళ్ళు. ఇప్పుడు ఫోన్ కవర్లు, చార్జర్లు. డిస్కు అన్నానంటే ముఖం మీదే నవ్వుతున్నారు. సౌకార్‌పేటలో జయరామ్ అని మన తెలుగాయన ఉన్నాడు, ఒకప్పుడు సినిమా డిస్కుల హోల్‌సేల్ వ్యాపారం. ఆయన ఏమన్నాడో తెలుసా? "ఈడ ఇంక ఎవురు కొంటారబ్బా అవి? గోడౌన్‌లో ఉండేదంతా పాత సామానోడికి తూకానికి ఏసేసినా. పో, పొయ్యి ఫోన్లో చూసుకో పో."

మన హౌసింగ్ బోర్డు బాల్కనీల్లో పావురాలు రాకుండా డిస్కులు వేలాడదీస్తారు కదా. సిగ్గు విడిచి ప్రతి తలుపూ తట్టాను. "అమ్మా, మీ పావురాల డిస్కు ఒకసారి తిప్పి చూడొచ్చా?" అని. పై అంతస్తు రాజలక్ష్మి గారు నాకు ఎండ దెబ్బ తగిలిందనుకుని మజ్జిగ ఇచ్చారు. పెళ్ళి డిస్కులు, భక్తి పాటలు, ఇంగ్లీషు నేర్పే డిస్కులు ఉన్నాయి. మన సినిమా లేదు. పాత సామాన్ల బజారులో ప్లేయరు మాత్రం ఒకటి దొరికింది. డిస్కు లేని ప్లేయరు ఇంట్లో బొమ్మలా కూర్చుంది.

కాబట్టి ఇక వెతకను. ఒక్కటి మాత్రం చెయ్యి. ఏ వేషమో చెప్పు. ఫోన్లో ఉన్న కొత్త గొంతులోనే ఆ వేషాన్ని చూసి, నాయన ఎలా పలికి ఉంటాడో ఊహించుకుంటాను. ఆ మాత్రం కూడా ఇవ్వవా?

జెబ


మఠం
16 ఫిబ్రవరి 2025

నా బంగారు తమ్ముడికి,

నీ కోపం చదివి బాధపడలేదంటే అబద్ధం. బాల్కనీల దగ్గరికి వచ్చేసరికి నవ్వాగలేదు. భోజనాల గదిలో మౌనం పాటించాలి మేము. మజ్జిగ మాట గుర్తొచ్చి గుటక పడక దగ్గాను, అందరూ నావైపు చూశారు.

నీకు నాయన లేడు, నాకు ఉన్నాడు. నిజమే. ఆ లెక్కలో నువ్వనుకుంటున్న లాభం నాకు కనబడదు గానీ, దాని గురించి ఇప్పుడు రాయను. డిస్కు దొరకదని తేలింది కాబట్టి నీ కోరిక తీర్చడంలో ఇబ్బంది లేదు. ఎర్ర శాలువా కప్పుకున్న గూండా ఉంటాడు చూడు, విధవరాలి ఇంటికి వచ్చి తలుపు కొట్టేవాడు. అదీ నాయన. రెండు సీన్లే. నాయన గొంతు పెద్దది, కొంచెం జీర ఉండేది. గుడిలో పాట ఎత్తుకుంటే వెనక బెంచీలదాకా వినిపించేది. ఇంతకన్నా చెప్పలేను.

వచ్చే నెల అయిదున విభూది బుధవారం. ఆ రోజు నుంచి ఉపవాస కాలమంతా, పాస్కా పండుగ దాకా మేము ఉత్తరాలు రాయం, వచ్చినవి విప్పం. మదర్ కట్టకట్టి బీరువాలో పెడతారు, పండుగనాడు ఇస్తారు. అమ్మకు ప్రాణం మీదికి వస్తే మాత్రం ఫోన్ చెయ్యి. మిగతావన్నీ నీ గుండెలో దాచుకో, లేదా రాసి పంపు, పండుగనాడు అన్నీ ఒకేసారి చదువుకుంటాను.

అమ్మను ముద్దు పెట్టుకున్నానని చెప్పు.

సెలీనా అక్క


తొండియార్‌పేట
3 మార్చి 2025

అక్కా! అక్కా!

ఇది నీకు చేరేసరికి బీరువా తలుపు మూసేసి ఉంటారని తెలుసు. అయినా ఆగలేను. దొరికింది!

పెరంబూరులో ఒకప్పుడు డిస్కులు అద్దెకిచ్చే అరుముగం అదే కొట్లో ఇప్పుడు బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. నా యూనిఫాం ఇచ్చేటప్పుడు ఊరికే అడిగాను. తల గోక్కుని, "కత్తుల రేవా? ఫస్ట్ డిస్కు ఎవురో తీసుకొనిపొయ్యి తిరిగీలేదు బా. సెకండ్ డిస్కు ఉండాల. ఆడ బల్ల కింద డబ్బాలో చూడు" అన్నాడు. వీసీడీ సినిమా రెండు డిస్కుల్లో వచ్చేది కదా. సగం సినిమాయే అయితేనేం, అందులోనే ఉంది నాయన రెండో సీను.

నువ్వు వేషం చెప్పకపోయి ఉంటే ఆ డిస్కు పెట్టి కూడా పోల్చుకోలేకపోయేవాణ్ణి. నీ ఉత్తరం, డిస్కు ఒకే వారంలో రావడం దేవుడి పని కాకపోతే ఏమిటి? నిన్ను తిట్టినందుకు చెంపలేసుకుంటున్నాను.

అమ్మను దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి పెట్టాను. వాన. చీకటి వీధి. ఎర్ర శాలువా. తలుపు మీద దబదబా కొట్టి, "తలుపు తియ్. నేనొచ్చానని తెలుసు నీకు. తీస్తావా, పగలగొట్టమంటావా?" అబ్బ, ఏం గొంతక్కా! అరవడు. మెల్లగానే అంటాడు. వింటుంటే నా వీపు జలదరించింది. ఇంత గొప్పగా పలికిన మనిషి మూటలు మోసి చచ్చిపోయాడే అని ఏడుపొచ్చింది.

అమ్మ వెంటనే గుర్తుపట్టింది. కళ్ళు పెద్దవి చేసి ఒళ్ళంతా వణికింది, కన్నీళ్ళు ధారగా కారాయి. పక్క తడిపేసుకుంది పాపం. ఇన్నేళ్ళ తర్వాత మొగుడి గొంతు వింటే ఎవరికైనా అలా కాదూ? పక్షవాతం వచ్చాక ఆమె ముఖంలో అంత కదలిక నేను చూడలేదు. డాక్టరు కూడా గట్టిగా కదిలించే విషయాలు మంచివేనన్నాడు. ఇక రోజూ వినిపిస్తాను.

నీ జెబ


తొండియార్‌పేట
17 మార్చి 2025

అక్కా,

నువ్వు విప్పని ఉత్తరానికి ఇంకో విప్పని ఉత్తరం తోడు పంపుతున్నాను.

రోజూ పెడుతున్నాను. అమ్మలో మార్పు ఉంది. ఇదివరకు బొమ్మలా పడుకునేది, ఇప్పుడు ప్లేయరు ఆన్ చెయ్యగానే చూపు తలుపు మీదికి పోతుంది. మొన్న ఎడమచేత్తో తోసేసరికి ప్లేయరు కింద పడబోయింది. దగ్గరికి లాక్కోవాలనుకుని ఉంటుంది, చెయ్యి పట్టు తప్పింది. ఆ గొంతు వచ్చినప్పుడల్లా ఎడమచెయ్యి ఎత్తి నుదుటి మీద పెట్టుకుంటుంది. సిలువ గుర్తు మొదలుపెడుతుందేమో. చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోతుంది, గుండె మీదికి దిగదు.

డిస్కు పాతది, గీతలు పడింది. సరిగ్గా ఆ సీను దగ్గరే ఆగి ఆగి, పోయిన మంగళవారం మొత్తానికి మొరాయించింది. మెత్తటి బట్టతో తుడిచాను, టూత్‌పేస్టు రాయమంటే రాశాను, ఏం లాభం లేదు. అయితే నేనేమన్నా తక్కువ తిన్నానా? ఇన్నిసార్లు విన్నాక నాకు మాట మాటా వచ్చేసింది. ఫ్యాక్టరీలో ఒకసారి అని చూశాను, పక్కన పనిచేసే వేలు భయపడిపోయి టార్చి కింద పెట్టేశాడు. అందుకని ఇప్పుడు సాయంత్రం రాగానే బయటి నుంచి తలుపు కొట్టి నేనే అంటున్నాను: "తలుపు తియ్. నేనొచ్చానని తెలుసు నీకు." రక్తంలోనే ఉందక్కా. అచ్చం నాయనే!

విజికి మాత్రం నచ్చలేదు. "అన్నా, వద్దునా. మీరు వచ్చే టైమ్ అయితానే అమ్మకి ఒళ్ళు చల్లబడిపోతా ఉండాది. బీపీ చూడండి ఎట్ల ఎక్కిందో. నిన్న మజ్జానం నించీ తలుపునే చూస్తా ఉండాది" అంది. మా ఇంటి సంగతి నీకేం తెలుసని కసిరాను. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. రేపు దానికి మల్లెపూలు కొనిచ్చి మంచి చేసుకోవాలి.

జెబ


తొండియార్‌పేట
6 ఏప్రిల్ 2025

అక్కా,

అమ్మ పోయిందని మదర్ నీకు చెప్పే ఉంటారు. మఠం గడప దాటి నువ్వు రాలేవని తెలుసు. నీ తరపున కూడా నేనే మట్టి వేశాను. కాసిమేడు నుంచి మన పాత ఇరుగుపొరుగు వాళ్ళు కొందరు వచ్చారు. ఫాదర్ బాగా మాట్లాడారు.

ఎలా పోయిందో ఫోన్లో చెప్పలేకపోయాను. బుధవారం పని నుంచి వచ్చి తలుపు కొట్టాను. ఎప్పటిలాగే నాయన మాట అన్నాను. లోపలి నుంచి విజి అరుపు వినిపించింది. తలుపు తీసేసరికి అయిపోయింది. నేను బయట ఆ మాట అంటుండగానే ప్రాణం పోయిందట. చెయ్యి నుదుటి మీదే ఉంది, దించడానికి కష్టమయింది.

ఒక్కటే తృప్తి అక్కా. నాయన వచ్చి పిలుచుకుపోయినట్టు పోయింది. ఆయన గొంతు చెవిలో పెట్టుకుని పోయింది. ఎంతమందికి దొరుకుతుంది అలాంటి చావు?

డిస్కు బాగుచేసేవాళ్ళు సెంట్రల్ వైపు ఒకాయన ఉన్నాడట. నలభయ్యో రోజు పూజ అయ్యాక బంధువులందరినీ కూర్చోబెట్టి ఆ సీను వేద్దామని. కాసిమేడు వాళ్ళు నాయనను ఎరిగినవాళ్ళు, సంతోషిస్తారు.

జెబకుమార్


మఠం
20 ఏప్రిల్ 2025, పాస్కా పండుగ

జెబా,

పొద్దున పూజ అయ్యాక మదర్ నీ ఉత్తరాల కట్ట నా చేతిలో పెట్టారు. వరసగా చదివాను. మొదటిది చదివాక రెండోది విప్పకముందే "ఆపరా, ఆపరా" అని పైకి అన్నాను. ఎవరిని ఆపాలి? అమ్మ మట్టిలో ఉంది.

నలభయ్యో రోజున ఆ సీను వెయ్యకు. కాసిమేడు వాళ్ళు సంతోషించరు. వాళ్ళకు ఆ గొంతు తెలుసు. అది వినబడగానే వాళ్ళు కిటికీ తలుపులు వేసుకునేవాళ్ళు.

నాయన తాగి వచ్చి సరిగ్గా ఆ మాటే అనేవాడు. మెల్లగానే. అరిచిన రోజు మాకు భయం ఉండేది కాదు, మెల్లగా అన్న రోజే అమ్మ నన్ను మంచం కిందికి తోసేది. తలుపు తియ్యక తప్పదు, తీస్తే దెబ్బలు తప్పవు. డబ్బింగ్ చేయించేవాడు, రాసిచ్చిన డైలాగు నచ్చక, ఇంట్లో ఎలా అంటావో అలా అనవయ్యా అన్నాడట. నాయన ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు. అమ్మ ఆ సినిమాకు వెళ్ళింది, ఆయన తీసుకెళ్ళాడు కాబట్టి. హాల్లో నా వేళ్ళు విరిగేలా పట్టుకుంది. నువ్వు అప్పుడు ఆమె ఒళ్ళో పాలు తాగుతున్నావు.

ఆమె ఎత్తిన చెయ్యి సిలువ గుర్తుకు కాదు నాయనా. తలను కాపాడుకోవడానికి. ఎప్పుడూ రెండు చేతులూ ఎత్తేది. ఇప్పుడు ఒక్కటే మిగిలింది కదా.

హార్బరులో ఆయన పడిపోయి చచ్చిన రోజు అమ్మ ఏడ్చింది, నేను ఏడవలేదు. ఆ తర్వాత నీ కోసం ఒక మంచి నాయనను తయారు చేసింది. గుడిలో పాడే నాయన, సినిమాల్లో పలికే నాయన. కొట్టేవాడి కొడుకుగా నువ్వు పెరగకూడదని. నేను మఠానికి బయలుదేరిన రోజు, నా తమ్ముడికి ఎప్పటికీ చెప్పనని సిలువ మీద నా చెయ్యి పెట్టించింది. ఆమె మాట నిలబెట్టాను. డిస్కు లేదన్నావని నిశ్చింతగా ఉన్నాను. నాకు కోపం వస్తోంది జెబా. ఆయన మీద, మా నియమం మీద, ఆ ప్రమాణం మీద. పండుగ రోజున ఈ కోపంతో పూజలో అప్పం తీసుకోలేక వెనక బెంచీలో ఉండిపోయాను.

నీ మీద మాత్రం లేదు. ఈ వాక్యం మళ్ళీ చదువుకో. నువ్వు అమ్మకు ప్రేమగా ఇవ్వబోయింది ఏమిటో నీకు తెలియదు. అమ్మకు మాత్రం తెలుసు, నీకు తెలియదని. ఆమె నిన్ను చూసి భయపడి ఉండదు. అలా నమ్మాలని రోజూ ప్రార్థిస్తాను.

నీ అక్క


తొండియార్‌పేట
4 మే 2025

అక్కా,

నలభయ్యో రోజుకు ఎవరినీ పిలవడం లేదు. ఫాదర్‌తో పూజ మాత్రం చెప్పిస్తాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే విజి ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆ పిల్ల నన్ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది. నేను గట్టిగా ఏమీ అనలేదు. మెల్లగానే అడిగాను. నాయన కూడా మెల్లగానే అనేవాడని రాశావు కదా. అది గుర్తొచ్చి, మాట సగంలో ఆపేసి వచ్చేశాను.

అప్పటి నుంచి మాట్లాడడం లేదు. ఫ్యాక్టరీలో సైగలతో పని నడుపుతున్నాను. గొంతు నొప్పి అని రాసి చూపించాను. ఇంటికొస్తే తలుపు కొట్టను, కొట్టినా తీసేవాళ్ళు లేరు. తాళం తీసుకుని లోపలికి వెళ్ళి ఆ మంచం మీద కూర్చుంటాను.

నీ వాక్యం మళ్ళీ చదువుకోమన్నావు, చదివాను. నువ్వు మంచిదానివి కాబట్టి రాశావు. అమ్మ చివరిసారి విన్నది డిస్కు కాదు అక్కా. డిస్కు అప్పటికే చెడిపోయింది. ఆమె విన్నది నన్ను.

నేను మీ మఠానికి వచ్చింది ఒక్కసారే, పదమూడేళ్ళప్పుడు. అప్పటికింకా నా గొంతు మారలేదు. తర్వాత అమ్మ ఒక్కతే వచ్చేది. నా గొంతు నువ్వు వినలేదు. నాయన గొంతు విన్నవాళ్ళలో ఇక మిగిలింది నువ్వు, కాసిమేడు వాళ్ళు. వాళ్ళను అడగడానికి నాకు ధైర్యం లేదు.

వచ్చే ఆదివారం పొద్దున ఆ పూజ అయ్యాక రైలెక్కుతున్నాను. మదర్‌ని అనుమతి అడుగు. చూడవచ్చినవాళ్ళు కూర్చునే గదిలో మీ ముఖాలు కనబడకుండా కమ్మీల వెనక తెర వేస్తారు కదా, అదే మంచిది. నేను ఇవతల కూర్చుని నాలుగు మాటలు మామూలుగా మాట్లాడతాను. రైలు సంగతి, ఎండల సంగతి. నువ్వు బదులు చెప్పనక్కరలేదు, విను చాలు. అది ఆ గొంతే అయితే అబద్ధం చెప్పి నన్ను ఊరడించకు. కమ్మీల దగ్గరుండే గంట కొట్టి లోపలికి వెళ్ళిపో. నేను లేచి స్టేషన్‌కి వెళ్ళిపోతాను.

కాకపోతే, నా పేరు పెట్టి పిలువు.

జెబకుమార్